గొర్రు ఎత్తే చోటు

నాకు పిడుగుతో ఏ చుట్టరికమూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నా మనసు తేలికపడుతుంది. అరవై ఏళ్ళపాటు వంకమీదపల్లెలో నన్ను పిడుగురాయి అన్నారు, మబ్బులోంచి పడ్డానన్నారు, పసుపు పూశారు, దణ్ణాలు పెట్టారు. నేను కాదనలేదు. కాదనడానికి నోరు లేకపోవడం ఒక కారణం, ఆ దణ్ణాలు నాకు బాగానే ఉండడం ఇంకో కారణం. నిజానికి నేను ఒక రాతిగొడ్డలిని. జానెడుకు కాస్త తక్కువ పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు, నల్లటి ఒళ్ళు, ఒక చివర సన్నం, రెండో చివర పదును. ఆ పదును ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నమ్మకం లేకపోతే వేలు పెట్టి చూడమనేదాన్నే, కానీ మన మధ్య గాజు ఉంది.

నన్ను చేసినవాడి పేరు నాకు గుర్తుంది. చెప్పినా లాభం లేదు, ఆ పేరు పలకగల నోరు ఇప్పుడు ఒక్కటీ లేదు. వంక అవతలి గుట్ట నడుమ ఒక్కచోట నల్లరాయి చారగా పైకి వచ్చి ఉంటుంది. అతను ఆ చార వెంట రెండు రోజులు తిరిగాడు. రాళ్ళను తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. మూడింటిని పగలగొట్టి పారేసి, నాలుగోదాన్నైన నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. గొప్పకు చెప్పడం లేదు, జరిగింది అది.

ముందు పెచ్చులు లేపాడు. తర్వాత గులకరాయితో ఒళ్ళంతా పొడిచి గరుకు పోగొట్టాడు. ఆ తర్వాత వంక గట్టున ఉన్న బండ మీద తడి ఇసుక పోసి పదకొండు రోజులు నన్ను అరగదీశాడు. నాతోపాటు ఆ బండా అరిగింది. అక్కడ పడిన నున్నటి గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. అవి సీతమ్మ పసుపు నూరుకున్న గుంటలని ఊళ్ళో చెప్పుకుంటారు. పెద్దావిడతో నాకెందుకు పోట్లాట, ఉంచుకోనీ.

తుమ్మకర్ర పిడి వేసి అతను నాతో చేయని పని లేదు. కంచెకు కొమ్మలు నరికాను, గుడిసెలకు గుంజలు నరికాను, పశువుల దొడ్లకు మొద్దులు నరికాను. ఆ దొడ్లలో పేడ గుట్టలుగా పడేది. ఏడాదికోసారి దానికి నిప్పు పెట్టేవారు. అట్లా ఏళ్ళ తరబడి కాల్చిన బూడిద మీద ఊరు దిబ్బకట్టింది. ఆ దిబ్బ మీద అతని ఇల్లు, ఇంటి నడుమ పొయ్యి, పొయ్యి పక్కన నేను.

అతనికి ఒక కూతురు ఉండేది. అప్పుడే పాకుతోంది. ఒకనాడు వచ్చి నా పదును మీద అరచెయ్యి వేసింది. రక్తం వచ్చింది. అతను పిల్లను ఏమీ అనలేదు, నన్ను తిట్టాడు. ఆ తర్వాత నన్ను ఎప్పుడు కింద పెట్టినా పదును గోడవైపు తిప్పి పెట్టేవాడు. పిల్ల మాత్రం భయపడలేదు. వచ్చి నా వీపు మీద అరచేత్తో చరిచి నవ్వేది. చెట్లు నరికినప్పుడు నాకు గర్వం కలిగేది కానీ, ఆ చేతి దెబ్బ తగిలినప్పుడు కలిగింది గర్వం కాదు. దాన్ని ప్రేమ అనడానికి నాకేమీ మొహమాటం లేదు.

చలికాలంలో జ్వరం వచ్చి ఆ పిల్ల పోయింది. వాళ్ళ ఊళ్ళో పసిబిడ్డలను ఊరి బయట పెట్టరు. అమ్మ వంట చేసుకునే కుండలో పిల్లను ముడుచుకుని పడుకున్నట్టు కూర్చోబెట్టి, మూతికి ఇంకో కుండ బోర్లించి, పొయ్యికి దగ్గరగా ఇంటిలోపలే గుంత తీసి ఉంచారు. వెచ్చగా ఉంటుందని. గుంత పూడ్చేముందు అతను నా పిడి ఊడదీశాడు. నన్ను కుండ పక్కన పడుకోబెట్టాడు. ఈసారి పదును కుండవైపు పెట్టలేదు, గోడవైపు పెట్టలేదు. వాకిలివైపు పెట్టాడు. లోపలికి ఎవరు వచ్చినా ముందు నన్ను దాటి రావాలని.

మర్నాడు అతను అన్న దగ్గర మొద్దుబారిన గొడ్డలి అడిగి తీసుకుని అడవికి వెళ్ళాడు. ఆ దెబ్బల చప్పుడు నాకు నేల లోపలికి వినిపించింది. నేనైతే రెండు దెబ్బల్లో పడే కొమ్మకు అతను పది దెబ్బలు వేశాడు. అయినా నా కోసం తిరిగి రాలేదు.

తర్వాత జరిగినదానిలో చెప్పడానికి ఏమీ లేదు. ఇల్లు పడిపోయింది, ఊరు వెళ్ళిపోయింది, వానలు కురిశాయి. నాలుగు వేల ఏళ్ళని షహనాజ్ అంటుంది, ఆమె సంగతి తర్వాత వస్తుంది. నేను లెక్కపెట్టలేదు. నాకు అప్పగించిన పని నేను చేశాను.

ఇక అరవై ఏళ్ళ కిందటి సంగతి. పాత ఊళ్ళు ఉన్న దిబ్బల మట్టిని మా సీమలో పాటిమన్ను అంటారు. బూడిదా పేడా కలిసి మాగిన మట్టి, ఏ ఎరువూ దానికి సాటిరాదు. ఎండాకాలంలో రైతులు బండ్లు కట్టి ఆ మట్టి తవ్వి చేలకు తోలుకుంటారు. తిప్పన్న అనే రైతుకు రెండు చేలుండేవి. ఒకటి మా దిబ్బ ఉన్న బూదిచేను, రెండోది అరమైలు అవతలి ఎర్రచేను. వరసగా రెండు ఎండాకాలాలు బూదిచేని దిబ్బను తవ్వి ఎర్రచేనికి తోలాడు. మట్టితోపాటు ఆ ఊరి కుండపెంకులు, రాతి పెచ్చులు అన్నీ బండెక్కి పోయాయి. బండిలో మట్టిని కాళ్ళతో తొక్కి సర్దేది అతని కూతురు ఓబులమ్మ. పదేళ్ళ పిల్ల.

ఒకనాటి పొద్దున తిప్పన్న పార కుండ అంచుకు తగిలింది. బోర్లించిన కుండను పక్కకు తీసి లోపలికి చూశాడు. చూసి, తీసినదాన్ని తీసినట్టే మళ్ళీ పెట్టాడు. తలగుడ్డ విప్పి నోటికి అడ్డం పెట్టుకుని గుంతలో కూర్చుండిపోయాడు.

"ఏముండాది నాయనా?" అంది ఓబులమ్మ బండి మీంచి.

"ఏమీ లేదు. గమ్మునుండు."

కానీ ఆమె అప్పటికే చూసేసింది. పసిబిడ్డ ఎముకలు ఎంత చిన్నవో ఆమెకు ఆ రోజు తెలిసింది.

అప్పుడు తిప్పన్న కంట నేను పడ్డాను. ఇక్కడే ఆ మంచిమనిషి ఒక పొరపాటు చేశాడు. మా సీమవాడు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు. చేలలో నాలాంటి నున్నటి నల్లరాయి దొరికితే అది పిడుగుతోపాటు పడిందని అక్కడ అందరికీ నమ్మకం. కాబట్టి పిడుగు పడి ఈ బిడ్డ చచ్చిపోయిందనీ, పిడుగురాయిని పక్కనే పెట్టి పూడ్చారనీ అనుకున్నాడు. ఆ రాయి అక్కడే ఉంటే మళ్ళీ పిడుగును పిలుస్తుంది, ఇంట్లో ఉంటే ఇంటిని కాస్తుంది, అదీ లెక్క. బిడ్డకు రెండోసారి ఆ కష్టం రాకూడదని నన్ను పైకి లాగాడు. కాపలావాడిని దొంగ అనుకుని పట్టుకుపోవడం అంటే ఇదే. నన్ను తీసిన చోట పడిన గుంటలో, ఇల్లు అలకడానికి తిరుగుబండిలో తెచ్చుకోగా అడుగున మిగిలిన ఎర్రచేని మట్టి నింపి అరచేత్తో అదిమాడు. పైన బూడిదమట్టి కప్పాడు.

"ఇది యాడ దొరికిందో ఎవురికీ చెప్పబాకు," అన్నాడు కూతురితో. "చెప్తే రాయికి బలం పోతాది. ఆ బిడ్డకు నిద్ర చెడతాది."

"చెప్పను నాయనా."

మరుసటి రోజు నుంచి అతను బండి కట్టలేదు. దిబ్బ ఎట్లాగూ చాలావరకు అయిపోయింది. తర్వాతి ఏడు చెరువుమట్టి తోలి చేను చదును చేశాడు. కానీ విత్తనం వేసేటప్పుడు, ఎద్దులు గొర్రు లాగుతూ ఆ చోటికి రాగానే తిప్పన్న రెండు చేతులా గొర్రు పైకెత్తి పట్టుకునేవాడు. నాలుగు అడుగులు నడిచి మళ్ళీ దించేవాడు. ఆ తావులో ఏ ఏడూ గింజ పడలేదు.

నేను తిప్పన్న ఇంట్లో గోడ గూట్లో చేరాను. అక్కడ నా వైభోగం చూడాల్సింది. గొడ్లకు గాలికుంటు వస్తే నన్ను కడిగిన నీళ్ళు చల్లేవారు. గవదబిళ్ళలు లేచిన పిల్లల చెంపలకు నన్ను రుద్దేవారు. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవారు. తగ్గితే నా మహిమ. తగ్గకపోతే స్నానం చేయకుండా ముట్టుకున్నారని వాళ్ళను వాళ్ళే తిట్టుకునేవారు. ఇంత మంచి ఉద్యోగం లోకంలో ఇంకొకటి ఉండదు. నేను నయం చేసిన జబ్బులు ఎన్ని అని అడిగితే, ఒక్కటీ లేదు. ఓబులమ్మ పొద్దున్నే నాకు బొట్టు పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆపేది. ఆమెకు గుర్తుకొచ్చేది ఏమిటో నాకు తెలుసు. నాకూ అదే గుర్తుకొచ్చేది. నేను ఎవరి పక్కన ఉండాల్సినదాన్నో, తిప్పన్నను వదిలేస్తే, ఆ ఇంట్లో మా ఇద్దరికే తెలుసు, అందులో ఒకరికి మాట రాదు, ఇంకొకరు మాట ఇచ్చేసింది.

తిప్పన్న పోయాడు. ఓబులమ్మ మొగుడు ఇల్లరికం వచ్చాడు, అతనూ పోయాడు. కొడుకు ఈరన్న సేద్యానికొచ్చాడు. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చింది. ఈ మధ్యలో ఒక రోజు చేలలో తెల్ల రంగు పూసిన రాళ్ళు నాటారు. నాలుగు వరసల రోడ్డు వస్తోంది. అది ఎర్రచేని అంచు కోసుకుంటూ వచ్చి, బూదిచేని నడుమ నుంచి పోతుంది.

రోడ్డు వేసేముందు దాని దారిలో పాతకాలపు ఆనవాళ్ళేమైనా ఉన్నాయేమో చూడడానికి ఒక జట్టు వచ్చింది. మొత్తం ఐదుగురు. వాళ్ళకు పెద్ద షహనాజ్, కర్నూలు అమ్మాయి. ముప్పై ఐదేళ్ళుంటాయి, నెమ్మదిగా మాట్లాడుతుంది, కంటితో చూడనిదాన్ని కాగితం మీద పెట్టదు. ఆమె తర్వాత గురవయ్య, గుంతల పటాలు గీసే పెద్దమనిషి, రిటైరు కావడానికి ఏడు నెలలుంది. చేత్తో కర్ర పట్టుకుని, దారిలో ప్రతి గులకనూ తిరగేస్తూ నడిచేవాడు. వాళ్ళ సంచులూ సామానూ పెట్టుకోవడానికి ఓబులమ్మ వసారా అడిగారు. ఆమె సరేనంది. నా గూడు వసారా గోడకే ఉంది. అందుకే జరిగినదంతా మీకు చెప్పగలుగుతున్నాను.

వసారాకు ఎదురుగా చేలలో వాళ్ళ పని చూడ్డానికి బాగుంటుంది. ఐదుగురూ పది అడుగులకొకరు వరసగా నిలబడి, తల దించుకుని, చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడుస్తారు. పెంకు కనబడితే చిన్న జెండా గుచ్చుతారు. మైళ్ళ తరబడి అంతే. పోగొట్టుకున్నది ఏమిటో తెలియకుండా వెతికేవాళ్ళను నేను అప్పుడే చూశాను.

బూదిచేనిలో అప్పుడు కంది మనిషెత్తు పెరిగి ఉంది. నేల కనబడదు. పైగా పైన చెరువుమట్టి. ఆ చేను నడిచి ఏమీ లేదని రాసుకున్నారు. ఎర్రచేనిలో మాత్రం జెండాలు చాలలేదు. సాయంత్రం వసారాలో పెంకులు కడుగుతూ షహనాజ్ మొహం వెలిగిపోయింది.

"గురవయ్య గారూ, ఇది పెద్ద ఊరండీ. ఇంత పెంకు ఎక్కడా చూడలేదు."

మర్నాడే ఎర్రచేనిలో నాలుగు గుంతలు మొదలుపెట్టారు. ఈరన్న కూడా కూలికి వెళ్ళాడు. మొదటి గుంతలో జానెడు లోతు వరకు పెంకులే పెంకులు. జానెడు దాటగానే ఎర్ర గరుసు, ఏమీ లేదు. రెండో గుంత అంతే. మూడోది, నాలుగోది అంతే. పొయ్యి లేదు, గుంజ నాటిన గుంత లేదు, మనిషి కూర్చున్న గచ్చు లేదు. ఎనిమిది రోజులు పోయాయి. షహనాజ్ అన్నం సరిగ్గా తినడం మానేసింది.

వసారా మూల వక్కాకు నములుతూ ఓబులమ్మ అంతా చూస్తూనే ఉంది. వాళ్ళు కడిగి ఎండబెట్టి, ఒక్కొక్కదాని మీద సన్నటి అంకెలు వేస్తున్న పెంకులు, చిన్నప్పుడు తాను కాళ్ళతో తొక్కి సర్దిన బండి మట్టిలోవి. ఆ సంగతి ఆమెకు తెలుసు. మొదట్లో ఆమె లోలోపల నవ్వుకుందనే నా అనుమానం. చదువుకున్నవాళ్ళు తన నాయన బండి చక్రాల వెంట తిరుగుతుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. తర్వాత నవ్వు పోయింది.

ఒక మధ్యాహ్నం గురవయ్య మజ్జిగ తాగుతూ తల ఎత్తి నన్ను చూశాడు. లోటా కింద పెట్టేశాడు.

"పిడుగురాయా అవ్వా?"

"ఊఁ."

"యాడ దొరికింది?"

"మొబ్బులో నుంచి పడింది."

"మొబ్బులో నుంచి పడింది సరే. ఏ చేనిలో పడింది?"

ఓబులమ్మ వక్కాకు సంచి ముడి వేసుకుని లేచింది. "అది చెప్పకూడదు నాయనా. నీకు తెలీందా?"

గురవయ్యకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్నవాడు, ఇలాంటి గూళ్ళు చాలా చూశాడు. ఇంకేమీ అడగకుండా మజ్జిగ తాగేశాడు. షహనాజ్ మాత్రం ఆ సాయంత్రమూ, మరుసటి సాయంత్రమూ వచ్చి ఓబులమ్మ పక్కన కూర్చుంది. బతిమాలలేదు, భయపెట్టలేదు. ఈ రాయి పుట్టిన ఇల్లు ఎక్కడో తెలిస్తే ఆ ఊరు దొరుకుతుందని మాత్రం చెప్పింది. ఓబులమ్మ విని, "అన్నం తిను మా, ఎట్లయిపోయినావో చూడు," అంది.

జట్టుకు ఇచ్చిన గడువు ముగిసే ముందురోజు రోడ్డు ఇంజనీరు ప్రభాకర్ వచ్చాడు. చెడ్డవాడు కాదు, పని వెనకబడిందని పైనుంచి ఫోన్లు భరిస్తున్నవాడు. ఆనవాళ్ళేమీ లేవని షహనాజ్ సంతకం పెట్టాల్సిన కాగితం చేతిలో ఉంది.

"కంది కోతలు అయిపోయాయి కదండీ, ఎల్లుండి బూదిచేనిలో మిషన్లు దించుతాం. మీరు రేపు సంతకం చేసిస్తే చాలు."

అప్పటిదాకా మూల కూర్చున్న ఓబులమ్మ, "ఎంత లోతు తీస్తారు నాయనా?" అని అడిగింది.

"ఆ చేనిలో మట్టి మెత్తన అవ్వా. రోడ్డు బరువు ఆపదు. రెండు మీటర్లు తీసేసి గట్టిమట్టి పోయాల."

"తీసిన మట్టి ఏం చేస్తారు?"

"టిప్పర్లలో ఎత్తి ఏ గుంతలోనో పారబోస్తాం."

ఓబులమ్మ వక్కాకు నమలడం ఆపేసింది. అంతవరకు ఆమె అనుకున్నది వేరు. రోడ్డు పైన పోతుంది, బిడ్డ కింద ఉంటుంది, నాయనకు ఇచ్చిన మాటా ఉంటుంది. ఇప్పుడు ఆ చిన్న కుండను ఇనుపచెయ్యి ఒకటి ఎత్తి, పగిలిందో లేదో కూడా చూడకుండా టిప్పర్లో పోస్తుంది. నా సంగతి అడిగితే, నా పదును అంత పనికిరానిదిగా నాకెప్పుడూ తోచలేదు. గూట్లో పసుపు పూసుకుని కూర్చున్నాను, కాపలా కాయాల్సిన బిడ్డను ఎల్లుండి పారబోస్తున్నారు.

పొద్దున్నే ఓబులమ్మ వచ్చి నాకు బొట్టు పెట్టలేదు. నన్ను గూట్లోంచి తీసింది. బొక్కెన దగ్గర కూర్చుని అరవై ఏళ్ళ పసుపూ కుంకుమా పీచుతో రుద్ది రుద్ది కడిగింది. "నాయనా, కోపం చేసుకోబాకు," అని గొణిగింది. నా నల్లటి ఒళ్ళు బయటపడ్డాక కొంగుతో తుడిచి, వసారాలో కాగితం ముందు పెట్టుకుని కూర్చున్న షహనాజ్ చేతిలో పెట్టింది.

"ఇది మొబ్బులో నుంచి పడలేదు మా. మా నాయన పార కిందికి వచ్చింది."

షహనాజ్ కలం కింద పెట్టింది.

"మీరు ఏరిన పెంకులన్నీ మా బండి తోలినవి. ఎర్రచేనిలో ఊరు యాడిది? ఊరు బూదిచేనిలో ఉండాది. పాటిమన్ను ఆడ నుంచి ఈడికి తోలినాం."

గురవయ్య నుదురు కొట్టుకున్నాడు. "పాటిమన్ను! నేనూ రైతు బిడ్డనే. మా తాత తోలలేదా, మా నాయన తోలలేదా. జానెడు లోతులో పెంకు ఆగిపోయినప్పుడే తట్టాల్సింది."

"ఆ తావులో ఒక బిడ్డ ఉండాది," అంది ఓబులమ్మ. కుండ సంగతి, తండ్రి సంగతి, తాను ఇచ్చిన మాట సంగతి, అన్నీ చెప్పింది. చెప్పి, "నేను పోయినాక చెప్పేవాళ్ళు ఉండరు. ఇప్పుడు చెప్పకపోతే నేను బతికుండేది ఏంటికి?" అంది.

షహనాజ్ ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేసింది. అందరూ బూదిచేనికి బయలుదేరారు. నేను షహనాజ్ చేతిలో ఉన్నాను. కోసేసిన కందిమోళ్ళ నడుమ చేనంతా ఒక్కటే మాదిరిగా ఉంది. అరవై ఏళ్ళలో గట్లు జరిగాయి. ఓబులమ్మ అటూ ఇటూ నడిచి నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా నాయన గొర్రు ఎత్తేవాడు మా. ఆ తావు రాగానే ఎత్తేవాడు. యాడనో చెప్పలేకుండా ఉండాను."

ఈరన్న అప్పటిదాకా వెనక నిలబడి ఉన్నాడు. "గొర్రు ఎత్తే చోటా?" అన్నాడు. "నేనూ ఎత్తుతాను కదమ్మా. తాత ఎత్తేవాడు, నాయన ఎత్తేవాడు. ఏంటికని అడగలేదు. ట్రాక్టరు తోలినా ఆడ ఎత్తే దించుతాను." చేలోకి ఇరవై అడుగులు నడిచి, కందిమోళ్ళు లేని ఒక చిన్న చాప వెడల్పు నేల మీద నిలబడ్డాడు. "ఇదో, ఇక్కడ."

నాలుగు వేల ఏళ్ళ కిందటి మనుషుల కోసం పుస్తకాలు తిరగేసేవాళ్ళకు, ఒక రైతు కారణం తెలియకుండా చేసే పని దారి చూపింది. అప్పుడు నాకు మనుషుల మీద మళ్ళీ గౌరవం కలిగింది. అంతకుముందు పూర్తిగా పోయిందని కాదు.

ప్రభాకర్ వచ్చి తల పట్టుకున్నాడు. షహనాజ్ నెమ్మదిగానే మాట్లాడింది, కానీ ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. "నేను సంతకం చేయను సార్. ఇరవై రోజులివ్వండి. పైవాళ్ళకు నేనే రాస్తాను." రాసింది, తిరిగింది, పద్దెనిమిది రోజులు తెచ్చుకుంది. మిషన్లు రెండు కిలోమీటర్ల అవతల పని మొదలుపెట్టాయి.

చెరువుమట్టి తీశారు. దాని కింద బూడిద, దాని కింద గచ్చు. గుంజలు నాటిన గుంతలు గుండ్రంగా బయటపడ్డాయి. నేను నరికిన గుంజలవి. పొయ్యి బయటపడింది. షహనాజ్ చిన్న తాపీతో మట్టి గీరుతూ, కుంచెతో ఊడుస్తూ, ఒక పొద్దంతా మోకాళ్ళ మీదే ఉంది. బోర్లించిన కుండ కనబడగానే చెయ్యి ఆపి, ఈరన్నను పంపి ఓబులమ్మను పిలిపించింది. ఆమె వచ్చేదాకా ఎవరినీ మూత తీయనివ్వలేదు.

ఓబులమ్మ గుంత అంచున గొంతుకూర్చుని లోపలికి చూసింది. పదేళ్ళప్పుడు చూసినదే. "అట్లనే ఉండాది," అంది. "మొగబిడ్డా, ఆడబిడ్డా?" అని అడిగింది.

"ఇంత చిన్న ఎముకల్లో తెలియదవ్వా."

నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

"ఈ బిడ్డను ఏం చేస్తారు?"

షహనాజ్ అబద్ధం చెప్పలేదు. పెట్టెలో పెట్టి పరీక్షలకు తీసుకువెళతామనీ, తర్వాత జిల్లా మ్యూజియంలో గాజు పెట్టెలో ఉంచుతామనీ చెప్పింది.

"ఒక్కతే ఉంటాదా?" అంది ఓబులమ్మ. తెలియదన్నా ఆమె ఆడబిడ్డ అనే నిర్ణయించుకుంది. "ఆ రాయి పక్కన ఉన్నింది మా. పక్కనే పెట్టండి."

షహనాజ్ మొహం చిన్నబోయింది. కంటితో చూడనిదాన్ని రాయని మనిషి అని చెప్పాను కదా. నేను దొరికింది ఇంటి గూట్లో. కుండ పక్కన ఉన్నానని ఒక ముసలావిడ మాట తప్ప సాక్ష్యం లేదు. వాళ్ళ పద్ధతి ప్రకారం నేను వేరే అరలో, వేరే అట్టముక్కతో ఉండాలి. ఆ సంగతి ఎట్లా చెప్పాలో తెలియక షహనాజ్ నన్ను చేతిలో తిప్పుతూ ఉండిపోయింది. నాలుగు వేల ఏళ్ళు నేను నేలలో భరించిన బరువంతా ఒకవైపు, ఆ కాస్త సేపు ఒకవైపు.

గురవయ్య అప్పుడు పటం గీస్తున్నాడు. కుండ పక్కన గచ్చు మీద పెన్సిలు ఆపి, "మేడమ్, ఇటు రండి," అన్నాడు. బూడిదరంగు గచ్చులో ఒక చోట ఎర్రమట్టి కనబడుతోంది. జానెడుకు కాస్త తక్కువ పొడవు, ఒక చివర సన్నం.

షహనాజ్ వెదురుపుల్లతో ఆ ఎర్రమట్టిని రేణువు రేణువుగా తీసింది. ఎర్రచేని మట్టి అది. తిప్పన్న బండి అడుగున మిగిలింది, అరచేత్తో అదిమినది. అంతా తీశాక, గట్టిపడిన బూడిదలో నా ఒళ్ళు పడిన అచ్చు మిగిలింది. నేను నాలుగు వేల ఏళ్ళు కదలకుండా పడుకున్న పడక. ముందు గురవయ్య దాన్ని గీశాడు. తర్వాత షహనాజ్ రెండు చేతులా నన్ను పట్టుకుని అందులోకి దించింది.

ఎక్కడా సందు లేదు. నేను ఎట్లా ఉన్నానో చెప్పను. చెప్పగలిగేది కాదు. గుంత అంచున ఓబులమ్మ మాత్రం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆనాడు వాళ్ళ నాయన తలగుడ్డ పెట్టుకున్నట్టే.

"కుండతోపాటే," అని షహనాజ్ తన పుస్తకంలో రాసుకుంది. ఈసారి ఆమె కంటితో చూసింది.

ఇప్పుడు రోడ్డు మీద బండ్లు పోతున్నాయట. నిజం చెప్పాలంటే నాకు రోడ్డు మీద కోపం లేదు. బండి చక్రాలు మా ఊరిని మోసుకుపోవడం నాకు కొత్తేమీ కాదు. నేను జిల్లా మ్యూజియంలో రెండో గదిలో ఉన్నాను. కుండ నా పక్కనే ఉంది.

కానీ మొదటి నెలంతా నాకు మనశ్శాంతి లేదు. నన్ను పెట్టెలో పెట్టిన ఉద్యోగి చూడ్డానికి అందంగా ఉంటుందని పదును కుండవైపు తిప్పి పెట్టాడు. ఆ పిల్లకు పదును తగిలినందుకు నన్ను చేసినవాడు ఒకప్పుడు తిట్టిన తిట్లు నాకు గుర్తున్నాయి. చెప్పుకునే దారి లేదు.

షహనాజ్ పిలిస్తే ఓబులమ్మ, ఈరన్న బస్సెక్కి వచ్చారు. ఓబులమ్మ గాజుకు ఇటు అటు తిరిగి చాలాసేపు చూసింది.

"రాయి తిరగేసి ఉండాది మా. పదును అవతలికి ఉన్నింది. నేను బండి మీంచి చూసినా కదా."

"తాకకూడదు అవ్వా," అన్నాడు అక్కడి వాచ్‌మన్.

షహనాజ్ సంచిలోంచి గురవయ్య గీసిన పటం నకలు తీసింది. అందులో కుండ ఉంది, నా అచ్చు ఉంది, అచ్చులో పదును ఉండే వెడల్పు చివర ఇంటి వాకిలి వైపుకు ఉంది. ఆఫీసు నుంచి తాళం తెప్పించింది. గాజు తలుపు తెరిచారు. షహనాజ్ పక్కకు జరిగి, "మీరే తిప్పండి అవ్వా," అంది.

ఓబులమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. నన్ను సగం చుట్టు తిప్పి దించి, వీపు మీద అరచేత్తో ఒక్కసారి మెల్లగా తట్టింది.

అంతే నా కథ. మీరు ఎప్పుడైనా ఇటు వస్తే రెండో గదిలోకి రండి, తీరిగ్గా చూడండి. కుండ మీద మాత్రం మరీ వంగకండి. లోపల పిల్ల పడుకుని ఉంది. గది వాకిలి వైపు నా పదును ఉంది.